మున్సిపాలిటీని, కాలనీని కలిపి కదిలించాలంటే: వంటింటి దగ్గర కాదు, ఎరువు గుంత దగ్గర మొదలుపెట్టండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. లక్ష జనాభా దాటిన మున్సిపాలిటీ మీది. పదిహేను మంది మిత్రులు ఒక జట్టుగా ఏర్పడ్డారు. ఏడాదిలో పర్యావరణ దినోత్సవానికి ర్యాలీ తీశారు, రెండొందల మొక్కలు నాటారు, గుడ్డ సంచులు పంచారు. కమిషనర్ గారు వచ్చి, ఫొటో దిగి, వెళ్లిపోయారు. ఊళ్లో ఏమీ మారలేదు. "అటు ఆఫీసును, ఇటు కాలనీవాళ్లను కదిలించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఐదారు పనులు నెత్తికెత్తుకోకండి. తడి చెత్త ఒక్కటే పట్టుకోండి. అదీ ఊరంతా వద్దు. ఒక్క చెత్త ఆటో తిరిగే ఒక్క రూట్, మూడొందల ఇళ్లు చాలు. ఇళ్లకు వెళ్లి "వేరు చేయండి" అని చెప్పే ముందు, వేరు చేసిన చెత్త చేరాల్సిన చోటు సిద్ధం చేసుకోండి. ఆరు నెలలు గాడిలో నడిచాక దాన్ని కౌన్సిల్ తీర్మానంలోకి, బడ్జెట్‌లోకి ఎక్కించండి. సోలార్, ప్లాస్టిక్, చెరువు అన్నీ ఆ తర్వాతే.

శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గా చేరి, నాలుగు మున్సిపాలిటీల్లో ఇరవై ఆరేళ్లు పనిచేసి రిటైరయ్యాను. చెప్పేదంతా ఆ అనుభవంతోనే. వాటిలో ఓడిపోయిన పనులే ఎక్కువ, అవే ఎక్కువ నేర్పాయి కూడా.

తడి చెత్తే ఎందుకంటారా? మన ఊళ్లలో ఇళ్ల చెత్తను తూకం వేస్తే సగం, ఒక్కోసారి సగం కంటే ఎక్కువ, వంటింటి నుంచి వచ్చేదే. కంపు కొట్టేదీ, ఈగలకీ పందులకీ కారణమయ్యేదీ, డంపింగ్ యార్డులో కుళ్లి మీథేన్‌గా మారి ఎండాకాలం నిప్పంటుకునేదీ అదే. అది పక్కకు పోతే మిగిలిన పొడి చెత్త శుభ్రంగా ఉంటుంది. పాత సామాను కొట్టువాడు దానికి డబ్బులిస్తాడు. అన్నం మెతుకులు అంటుకున్న అట్టపెట్టెను ఎవడు కొంటాడు?

ఇంకో కారణం ఉంది. మొక్కలు నాటడం ఏడాదికి ఒక రోజు పని. చెత్త రోజూ పొద్దున్నే ఆరున్నరకి వీధిలోకి వస్తుంది. మున్సిపాలిటీకి ఎక్కువ మంది మనుషులు, బండ్లు, డీజిల్ ఖర్చు ఉన్నది అక్కడే. రోజూ నడిచే పనిని పట్టుకుంటే ఆఫీసు మిమ్మల్ని రోజూ తలచుకోవాల్సి వస్తుంది. ర్యాలీ చేస్తే ఆ రోజు సాయంత్రానికే మర్చిపోతుంది.

నేను మొదటిసారి ఎలా ఓడిపోయానో చెప్తాను. ఒక కోస్తా పట్టణంలో ఇంటింటికీ రెండు బకెట్లు పంచాం, ఆకుపచ్చ, నీలం. మైకు పెట్టాం, కరపత్రాలు వేశాం, మహిళా పొదుపు సంఘాలను చూసే మెప్మా సంస్థ ఆర్‌పీలను (రిసోర్స్ పర్సన్లను) వెంటబెట్టుకుని ప్రతి గడపా ఎక్కాం. నెల తిరిగేసరికి చూస్తే ఆకుపచ్చ బకెట్లు స్నానాల గదుల్లో ఉన్నాయి. నీలం బకెట్లలో కొందరు బియ్యం పోసుకున్నారు. మంచి బకెట్లు మరి, వాళ్లనేమనగలం! ఒక పెద్దావిడ మాత్రం రోజూ శ్రద్ధగా వేరు చేసేవారు. ఓ రోజు నన్ను గేటు దగ్గర ఆపి, "నాయనా, నేను వేరు చేసి ఇస్తున్నా. మీ ఆటోవాడు నా కళ్లముందే కలిపేస్తున్నాడు. మరి నాకెందుకీ శ్రమ?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు.

డ్రైవర్‌ని తిట్టడం తేలిక. నేనూ మొదట అదే చేశాను. తర్వాత మూడు రోజులు అదే ఆటోలో వెనక నిలబడి తిరిగాను. అప్పుడు తెలిసింది. ఆటో తొట్టికి మధ్యలో రేకు అడ్డం పెట్టి సగం తడికి, సగం పొడికి ఇచ్చారు. తడి చెత్త బరువు ఎక్కువ గాని చోటు తక్కువ తీసుకుంటుంది. పొడి చెత్తకు బరువు లేదు గాని, కవర్లు, అట్టపెట్టెలు, సీసాలు కలిసి చోటంతా తినేస్తాయి. సగం రూట్ కాకుండానే పొడి వైపు నిండిపోతోంది. యార్డుకి వెళ్లొస్తే గంటన్నర. మిగతా నూటయాభై ఇళ్లవాళ్లు ఫోన్లు చేస్తారు. అతను ఏం చేస్తాడు? రేకు అవతల వైపు పోసేస్తాడు. నేనైనా అదే చేసేవాణ్ణి.

దానికి మందు చాలా చిన్నది. తడి చెత్త రోజూ, పొడి చెత్త వారానికి రెండు రోజులే. పొడి చెత్త ఇంట్లో మూడు రోజులు సంచిలో ఉన్నా కంపు కొట్టదు కదా. బెంగళూరులో ఉంటున్న మనవాళ్లకు ఇది కొత్త కాదు. అక్కడ రెండు డబ్బాలు (తడికి ఒకటి, శానిటరీ చెత్తకి ఒకటి), పొడికి ఒక సంచి అనే పద్ధతిని 2015లో హైకోర్టు తప్పనిసరి చేసింది. మా ఊళ్లో బుధ, శని వారాలు పొడి రోజులని పెట్టాం. గొడవ సగం తగ్గింది. మిగతా సగం తగ్గడానికి ఇంకో ఏడాది పట్టింది, ఎందుకంటే యార్డులో రెండూ ఒకే కుప్పలో పడుతున్నాయి! అందుకే ఇప్పుడు ఎవరడిగినా తిరగేసి చెప్తాను: ముందు గుంత, తర్వాత ఆటో, చివర ఇల్లు.

గుంత లెక్క

ఇంటికి రోజుకి అరకిలో పైన, ముప్పావు కిలో లోపు తడి చెత్త వస్తుందనుకోండి. మూడొందల ఇళ్లకు సుమారు 180 కిలోలు. ఎరువు తయారవడానికి 45 నుంచి 60 రోజులు. పది అడుగుల పొడవు, ఐదు అడుగుల వెడల్పు, మూడు అడుగుల ఎత్తు ఉన్న ఇటుక తొట్లు నాలుగు కట్టుకుని మొదలుపెట్టండి. గుంత అని నేనంటున్నది ఈ తొట్లనే. గోడల్లో ఇటుకకూ ఇటుకకూ మధ్య సందులు వదలాలి, గాలి ఆడాలి. పైన రేకులు, చుట్టూ మెష్. మెష్ లేకపోతే మొదటి వారమే పందులు, కుక్కలు పని ముగించేస్తాయి. స్థలం కోసం ఎక్కడో ఊరి బయట వెతక్కండి. వాడకుండా పడి ఉన్న మున్సిపల్ పార్కు మూల, వాటర్ ట్యాంకు ఆవరణ, పాత స్కూలు వెనక, ఇలాంటివి ప్రతి వార్డులో ఉంటాయి.

నడపడంలో అందరూ చేసే తప్పు ఒకటుంది. తడి చెత్త మీద తడి చెత్త పోసుకుంటూ పోతారు. మూడో రోజుకి కంపు, ఐదో రోజుకి పురుగులు, పదో రోజుకి పక్కింటివాళ్ల ధర్నా. కంపు వస్తోందంటే లోపల గాలి లేదు, నీళ్లు ఎక్కువైపోయాయి అని అర్థం. ప్రతి తడి పొర మీద దాదాపు అంతే మందంలో ఎండుటాకులో, రంపపు పొట్టో, కొబ్బరి పీచో పరవాలి. వారానికి ఒకసారి తిరగేయాలి. మొదట్లో పేడనీళ్లో, పుల్ల మజ్జిగో చల్లితే త్వరగా అందుకుంటుంది. మూడు నాలుగు రోజులకు కుప్పలో చెయ్యి పెడితే వేడి తగలాలి. 55 డిగ్రీల పైకి వెళ్తుంది, అదే మంచి గుర్తు. ఎముకలు, కొబ్బరి బోండాలు మాత్రం వేరే పెట్టండి. బోండాం ఏడాదికి కూడా కరగదు.

ఈ ఎండుటాకులు ఎక్కడివంటారేమో. ఊళ్లో రోజూ పొద్దున తగలబెడుతున్నవే! వీధి చివర ఆకులు కాల్చడం ఆపమని ఎంత మొత్తుకున్నా ఆగదు గాని, "ఆకులు గుంతకి కావాలి, సంచికి ఎత్తండి" అంటే ఊడ్చేవాళ్లే జాగ్రత్తగా ఎత్తి పెడతారు.

మొదటి గెలుపు తొందరగా కావాలంటే ఇళ్ల కంటే ముందు రైతుబజార్‌కి వెళ్లండి. అక్కడి చెత్త ఎవరూ వేరు చేయకుండానే ముప్పాతిక భాగం కూరగాయలే. హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో రోజుకి పది టన్నుల దాకా వ్యర్థాలు వస్తాయి. వాటితో బయోగ్యాస్, కరెంటు తీస్తున్నారు. రోజుకి 500 యూనిట్ల దాకా కరెంటు, 30 కిలోల గ్యాస్. మార్కెట్ వీధిదీపాలకు కరెంటు, అక్కడి క్యాంటీన్‌కి వంటగ్యాస్ అందులోంచే. 2021 జనవరి 'మన్ కీ బాత్'లో ప్రధాని దాని గురించి చెప్పారు. మీ ఊరికి అంత ప్లాంటు అక్కర్లేదు. కాకపోతే కౌన్సిలర్లను ఒక రోజు బస్సులో అక్కడికి తీసుకెళ్లి చూపించండి. నా అనుభవంలో ఫైలు చేయని పని ఒక టూరు చేసింది.

ఇక మనుషులు

ఆటో మీద పనిచేసే ఇద్దరు, ఆ రూట్ మేస్త్రీ, వీళ్లు ఒప్పుకోకపోతే కమిషనర్ ఒప్పుకున్నా ప్రయోజనం లేదు. మొదటి వారం మీ జట్టులోంచి రోజుకి ఇద్దరు ఆటో వెంట నడవండి. ఉపన్యాసం వద్దు. కలిపి తెచ్చిన డబ్బా కనబడితే "అమ్మా, రేపటి నుంచి వేరుగా ఇవ్వండి" అని మీరు చెప్పండి. ఆ మాట కార్మికుడితో చెప్పించకండి. అతను చెప్తే "నువ్వెవరయ్యా చెప్పడానికి" అంటారు, ఇది మన సమాజం గురించి మనందరికీ తెలిసిన నిజమే. పొడి చెత్త అమ్మగా వచ్చిన డబ్బు ఆ బండి మీద పనిచేసేవాళ్లకే చెందేలా ముందే మాట్లాడి పెట్టండి. నేను చూసిన ఒక ఊళ్లో ఈ ఒక్క నిర్ణయంతో, మేం నాలుగు నెలలు చెప్పినా జరగనిది రెండు వారాల్లో జరిగింది. చేతి తొడుగులు, బూట్లు ఇచ్చారా లేదా అని మీరే అడగండి. వాళ్లు అడిగితే తిరుగుబాటులా చూస్తారు.

ఇళ్ల సంగతికొస్తే, మూడొందల్లో మొదటి నెల నూటయాభై ఇళ్లు సరిగ్గా ఇస్తే అద్భుతం అనుకోండి. మిగతావాళ్లలో అద్దెకుండే కుర్రాళ్లు, పొద్దున్నే ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్లిపోయే ఇళ్లు ఉంటాయి. వాళ్లకి ఆటో టైమే సమస్య, చైతన్యం కాదు. అపార్ట్‌మెంట్లలో సెక్రటరీతో గంట మాట్లాడే కన్నా వాచ్‌మన్ భార్యతో పది నిమిషాలు మాట్లాడండి, డబ్బాలు దించేది ఆవిడే. డైపర్లు, ప్యాడ్లు మాత్రం కాగితంలో చుట్టి విడిగా ఇమ్మని మొదటి రోజే చెప్పాలి. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల స్థానంలో కొత్తవి వచ్చాయి, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. వాటి ప్రకారం తడి, పొడి, శానిటరీ, స్పెషల్ కేర్ (మందులు, బల్బుల లాంటివి) అని నాలుగు రకాలు. కాగితం మీద నాలుగున్నాయని మొదటి రోజే నాలుగు డబ్బాలు అడక్కండి. జనం బెదిరిపోతారు. తడి విడిపోతే మిగతా మూడూ మెల్లగా విడిపోతాయి.

కల్యాణ మండపాలు, హోటళ్లు, హాస్టళ్లు వేరే లెక్క. రోజుకి వంద కిలోలు దాటితే వాళ్లు బల్క్ జనరేటర్లు, అంటే పెద్ద మొత్తంలో చెత్త పుట్టించేవాళ్లు, వాళ్ల చెత్త బాధ్యత చాలావరకు వాళ్లదే. మీ జట్టు అక్కడికి వెళ్లి గొడవ పడక్కర్లేదు. మున్సిపాలిటీ నోటీసు ఇచ్చిందా లేదా అని ఆఫీసులో అడిగితే చాలు, లేదంటే సమాచార హక్కు దరఖాస్తు. 30 రోజుల్లో సమాధానం రావాలి. కాకపోతే దీన్ని మొదటి ఆయుధంగా వాడకండి. ఆర్‌టీఐ పడగానే ఆఫీసులో అందరూ మిమ్మల్ని శత్రువుల లిస్టులో వేస్తారు. నేను బల్లకి ఆవలివైపు కూర్చుని ఎన్నో అందుకున్నాను, నాకు తెలుసు.

ఆఫీసుతో ఏ భాషలో మాట్లాడాలి

పర్యావరణం, భావి తరాలు, భూమాత, ఇవన్నీ వేదిక మీదకి. కమిషనర్ గారి ఛాంబర్లో మాత్రం ట్రిప్పులు, డీజిల్, ఫిర్యాదులు. ఒక నోటుపుస్తకం పెట్టండి. ఆ రూట్ నుంచి యార్డుకి రోజుకి ఎన్ని ట్రిప్పులు, ఎన్ని కిలోమీటర్లు, గుంతలోకి ఎన్ని కిలోలు, పొడి చెత్త ఎంతకి అమ్మారు. మూడు నెలల పుస్తకం తీసుకెళ్లి "సార్, ఈ రూట్లో నెలకి ఇన్ని ట్రిప్పులు తగ్గాయి" అంటే ఆయన కుర్చీలో ముందుకు జరుగుతారు. పది రూట్లకి లెక్క ఆయనే వేసుకుంటారు.

విశాఖపట్నం వీధిదీపాలు చూడండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చి ఊరి లైట్లన్నీ కూల్చేశాక, 90 వేలకు పైగా ఎల్‌ఈడీలు పెట్టారు. కేంద్ర సంస్థ ఈఈఎస్‌ఎల్ పెట్టుబడి పెట్టి, ఆదా అయిన కరెంటు బిల్లులోంచి తిరిగి తీసుకునే పద్ధతి. ఆ తర్వాత ఎన్నో మున్సిపాలిటీలు అదే దారి పట్టాయి. కార్బన్ ఉద్గారాల మీద ప్రేమతో కాదు లెండి, బిల్లు తగ్గుతుందని.

డబ్బు లేదంటారు. ప్రతి మున్సిపాలిటీలో మొదట వినబడే మాటే అది. కొంత నిజం, కొంత అలవాటు. ఆర్థిక సంఘం గ్రాంట్లలో కొంత భాగం ఫలానా పనికే వాడాలన్న షరతుతో వస్తుంది. 15వ ఆర్థిక సంఘం కాలంలో పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకి 60 శాతం ఇలా పారిశుద్ధ్యానికి, తాగునీటికి కట్టేశారు. మీ ఊళ్లో ఆ పద్దు కింద ఏం ఖర్చయింది, ఏం మిగిలింది అని అకౌంట్స్ సెక్షన్‌లో మర్యాదగా అడగండి. నాలుగు తొట్లకయ్యే ఖర్చు ఆ పద్దులో దుమ్ము లాంటిది. మీరు తెలంగాణలో ఉంటే ఇంకో రెండు దారులున్నాయి. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం బడ్జెట్లో పది శాతం పచ్చదనానికి కేటాయించాలి. ప్రతి వార్డుకీ యువకులు, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులతో నాలుగు వార్డు కమిటీలు ఉండాలి. చాలాచోట్ల అవి కాగితం మీదే ఉంటాయి. మీ పదిహేను మందిలో నలుగురు వాటిలో చేరితే అడిగే హక్కు దానంతటదే వస్తుంది. ఆంధ్రలో అయితే వార్డు సచివాలయంలో శానిటేషన్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సెక్రటరీ ఉంటారు. ముందు వాళ్లతో టీ తాగండి.

ఇళ్ల దగ్గర నెలకి ఇంత అని వసూలు చేద్దామా అని మీలో ఎవరో అన్నట్టు రాశారు. వద్దు, కనీసం మొదటి ఏడాది వద్దు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరులో 'క్లాప్' (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం మొదలైంది. చెత్త సేకరణకి ఇళ్ల నుంచి యూజర్ ఛార్జీలు పెట్టారు. దానికి జనం పెట్టిన పేరు "చెత్త పన్ను", అదే ఎన్నికల్లో నినాదమైంది, 2024లో ప్రభుత్వం మారాక తీసేశారు. నా ఉద్దేశంలో జనం డబ్బివ్వడానికి వ్యతిరేకం కాదు. అదే ఇళ్లవాళ్లు నీళ్ల క్యాన్‌కి, కేబుల్‌కి అడక్కుండానే ఇస్తారు. సేవ కళ్లకు కనబడేలోపే బిల్లు కనబడింది, అదీ చిక్కు. ఆటో రోజూ టైముకి వచ్చి, కలపకుండా తీసుకెళ్తోందని నమ్మకం కుదిరాక వాళ్లే అడుగుతారు, "ఆ ఆటో పిల్లలకి ఏమన్నా ఇవ్వాలా?" అని.

ఇదంతా మన ఊళ్లలో అయ్యే పనేనా అన్న అనుమానం ఉంటే సూర్యాపేట గుర్తు చేసుకోండి. 2000ల మొదట్లోనే ఆ మున్సిపాలిటీ వీధుల్లో చెత్త కుండీలు తీసేసింది. ఇంటింటికీ బండి పంపి తడి, పొడి వేరుగా తీసుకుంది, వానపాముల ఎరువు తయారు చేసి అమ్మింది. అప్పటికి స్వచ్ఛ భారత్ అన్న మాటే లేదు. బయటి రాష్ట్రాల వాళ్లు వచ్చి చూసి వెళ్లేవారు. మేమూ వెళ్లి చూశాం. ఒక హెచ్చరిక: అది చూసి మా ఆఫీసర్ ఒకాయన తిరిగొచ్చిన మర్నాడే కుండీలు పీకించారు. ఆటో ఇంకా సరిగ్గా తిరగడం లేదు. వారంలో ప్రతి ఖాళీ ప్లాటూ కుండీ అయిపోయింది. కుండీ తీయడం చివరి మెట్టు.

బదిలీల సంగతి మర్చిపోకండి. మంచి కమిషనర్ దొరికితే అదృష్టమే, కానీ రెండేళ్లకు మించి ఉంటారని లెక్క వేసుకోకండి. నేను కష్టపడి నిలబెట్టిన ఒక ఎరువు యూనిట్, కొత్త ఆఫీసర్ వచ్చిన మూడో నెలలో సిమెంటు బస్తాల గోడౌన్ అయింది. తప్పు నాదే. నోటి మాట మీద నడిపాను, తీర్మానం లేదు, పద్దు లేదు, మస్టర్‌లో, అంటే కార్మికుల హాజరు పట్టీలో, దానికంటూ ఇద్దరు మనుషుల పేర్లు లేవు. అందుకని పని బాగా నడుస్తున్నప్పుడే, అందరూ మెచ్చుకుంటున్నప్పుడే, వార్డు కౌన్సిలర్‌తో అజెండాలో పెట్టించండి. బడ్జెట్ కసరత్తు డిసెంబరు, జనవరి నెలల్లో మొదలవుతుంది. ఆ లోపు మీ నోటుపుస్తకం సిద్ధంగా ఉండాలి. కౌన్సిలర్ ఏ పార్టీ అయినా సరే, ప్రారంభోత్సవం రిబ్బన్ ఆయన చేతే కోయించండి. పేరు ఆయనకి పోనివ్వండి, ఎరువు మీకుంటుంది.

తయారైన ఎరువు అమ్మాలని కంగారు పడకండి. నెలకి ఐదారు టన్నుల చెత్త పోస్తే చేతికి ఒక టన్ను, టన్నుంపావు ఎరువు వస్తుంది. మొదటి రెండు విడతలూ చెత్త ఇచ్చిన ఇళ్లకే రెండేసి కిలోలు ఉచితంగా పంచండి. తన వంటింటి తొక్కలు తన మల్లె కుండీలోకి తిరిగొచ్చిన ఇల్లాలు పక్కింటావిడకి చెప్పే మాట, మన కరపత్రాల్లో ఎక్కడా దొరకదు.

చివరగా, ఆ రెండొందల మొక్కల్లో ఎన్ని బతికున్నాయో మీరు రాయలేదు. లెక్క పెట్టి, బతికినవాటికి మొదటి విడత ఎరువులోంచి తలా ఒక బుట్ట వేయండి. మీ రూట్ ఆటో ఎన్ని గంటలకి బయల్దేరుతుంది, యార్డు ఎంత దూరం, మీ వార్డులో ఖాళీ మున్సిపల్ స్థలం ఎంతుంది, ఈ మూడూ కనుక్కుని ఇక్కడే రాస్తే తొట్ల కొలతలు, ఖర్చు అంచనా నేను వేసి పెడతాను.